వెనుక చక్రము నెత్తు ప్యాడాక్ స్టాండు

మోటారు సైకిలు పరుగిడునపుడు రెండు చక్రములపై నిటారుగా నిలుచును. ఆగినంతనే పరుల యూత లేక నిలువజాలదు. ఈ యూతకై ఎడమవైపున ప్రక్క స్టాండు అమర్చబడియుండును. పాతబండ్లకును, నేటి బండ్లలో కొన్నిటికిని నడిమి స్టాండు కూడ నుండి, వెనుక చక్రమును నేలనుండి పైకెత్తును. కాని పందెపు బండ్ల మాదిరిని చేయబడిన క్రొత్తబండ్లలో పెక్కింటికి నడిమి స్టాండు లేదు. హోసూరు కర్మాగారము వారి అపాచీ ఆర్.ఆర్. 310 ఇందుకు నిదర్శనము. దాని బరువు సుమారు 174 కిలోగ్రాములు. అట్టి బండికి గొలుసు తుడువవలెనన్నను, వెనుక చక్రము నూడదీయవలెనన్నను వేఱొక సాధనముతో వెనుకభాగము నెత్తవలసియుండును. ఆ సాధనమే ప్యాడాక్ స్టాండు.

పాఠశాల పత్రికలో దీనిని గూర్చి వ్రాయుటేల యని కొందఱు తల్లిదండ్రులు తలంపవచ్చును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు గేర్లుగల మోటారు సైకిలును నడుపరాదు. కాని ఇంటిముంగిట బండిని తుడుచువాని వయస్సు నడుగువారు లేరు. ఆదివారమునాడు అన్న బండి కడుగుచుండ, చక్రము ప్రక్కన చతికిలబడి గుడ్డ పట్టుకొనువాడు తొమ్మిదవ తరగతి తమ్ముడే. ఈ వ్యాసమును ముఖ్యముగ వాని వ్రేళ్లకొఱకు వ్రాయుచున్నాము.

ప్యాడాక్ అను మాట గుఱ్ఱములకు సంబంధించినది. పందెమునకు ముందు గుఱ్ఱములను త్రిప్పి చూపు ఆవరణమునకు ఇంగ్లీషువారు ఆ పేరు పెట్టిరి. మోటారు పందెములు పుట్టినపిమ్మట బండ్లను సిద్ధపఱచు చోటునకును ఆ పేరే వచ్చినది. పందెపు బండ్లకు ప్రక్క స్టాండును సైతము తీసివేయుదురు. పరుగునకు ముందు టైర్లకు విద్యుత్తుతో కాగు దుప్పట్లు చుట్టి వేడిచేయుదురు గనుక చక్రములు నేలకంటకుండవలెను. కావున ఈ స్టాండు లేనిదే అచ్చట పని సాగదు. మన దేశమున మద్రాసునకు ఉత్తరమున, నెల్లూరు త్రోవలోనున్న షోలవరము పాత విమానస్థలమున ఏండ్లతరబడి పందెములు జరిగెను. 1990లో శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టై పందెపుబాట వెలసెను. 2023 సెప్టెంబరు 24వ తేదీన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ పందెపుబాటపై మోటోజీపీ పోటీ నడచెను. ఇట్టి చోట్ల నేల చదునైన గచ్చు. ప్రతి బండికిని శిక్షణ పొందిన పనివారు ఇద్దఱో ముగ్గురో యుందురు. అదే స్టాండు మన వీథియరుగు ముంగిటికి వచ్చునప్పటికి నేల వాలుగ నుండును, పనివాడొక్కడే యుండును. అపాయమంతయు ఈ భేదమునందే యున్నది.

ఇక స్టాండు నిర్మాణమును చూతము. ఇనుపగొట్టమును గుఱ్ఱపులాడము వలె వంచి, ముందఱి రెండు కొనల చెంత రెండు చిన్నచక్రములను, వానిపైన లేచిన రెండు కొమ్ములను అమర్చుదురు. వెనుకప్రక్క పొడవైన పిడి యుండును. బండి వెనుక చక్రమును ఇరుప్రక్కల పట్టియుండు చట్రమునకు స్వింగార్మ్ అని పేరు. దానికి రెండువైపుల దారపుకండెల వంటి చిన్నబిళ్లలను మరలతో బిగింతురు, వీనినే స్పూలులందురు. స్టాండు కొమ్ముల కొంకులు ఈ కండెల నడిమి పల్లమున కూర్చుండవలెను. మరల మందము బండినిబట్టి 6 గాని 8 గాని 10 గాని మిల్లీమీటర్లుండును. కొలత తప్పిన మరను బలవంతముగ త్రిప్పినచో అల్యూమినియపు గాడులు చెడును. గాడులు చెడిన కండె బరువు పడునపుడు ఊడివచ్చును. కండెలు బిగించుటకు చోటులేని బండ్లకు రబ్బరు తొడిగిన పట్టీలతో స్వింగార్మ్ అడుగునుండి ఎత్తు స్టాండ్లు కలవు. అవి జారు స్వభావము గలవి. చోటున్నంతవఱకు కండెలవే మేలని మా యభిప్రాయము. 1987 నాటి హోండా ఆర్.సి. 30, 1994 నాటి డుకాటి 916 వంటి బండ్లకు స్వింగార్మ్ ఒకప్రక్కనే యుండును. వానికి ఇరుసు రంధ్రమున దూర్చు వేఱురకపు స్టాండు వలయును.

తులాదండమును చదివిన విద్యార్థులు ఇచ్చట తమ పాఠమును గుర్తింపగలరు. స్టాండు చక్రముల యిరుసు ఆధారస్థానము. ముందఱి కొంకులమీద భారము. వెనుక పిడియందు మన బలము. బండి బరువులో సుమారు సగము, అనగా 87 కిలోగ్రాములు, కొంకులమీద పడుననుకొందము. కొంకులు ఇరుసునకు 10 సెంటీమీటర్లు ముందఱను, పిడి 50 సెంటీమీటర్లు వెనుకను ఉన్నచో, సుమారు 17 కిలోగ్రాముల బలముతో అంతటి భారమును ఎత్తవచ్చును. పిడి దిగుకొలది కొంకులు పైకి లేచి వెనుకకు జరుగును. అవి ఇరుసునకు సరిగా నెత్తిమీదికి వచ్చిన క్షణమున మన బలము వలసినది దాదాపు శూన్యము. ఆ మీద అవి కొంచెము వెనుకకు దాటును. అప్పుడు బండి బరువే పిడిని నేలకదుముచుండును. మనము చేయి తీసినను స్టాండు నిలుచుటకు ఇదియే కారణము.

ఇందుండి మఱియొక సంగతి తేలుచున్నది. ఆ నడిమి క్షణమునకు ఒకప్రక్క భారము మనకు సాయము. రెండవప్రక్క మనకు పగ. దించునపుడు పిడిని పైకెత్తి ఆ స్థానమును దాటించినంతనే 87 కిలోగ్రాములు కొంకులను క్రిందికి త్రోయును. పిడి ఎగసి వచ్చును. పిడిమీదికి వంగి నిలుచువాని గడ్డమున కది తగులును.

ఎత్తుటకు ముందు నేలను చూడవలెను. చదునైన గచ్చు కావలెను. ఇసుకయందు చిన్నచక్రములు కూరుకొనును. నాపరాతి సందులలో చిక్కుకొనును. ఇంజనును ఆపి, తాళపుచెవిని తీసి జేబులో వేసికొని, గేరును న్యూట్రలునందుంచి, ముందు చక్రమును తిన్నగ నిలుపవలెను. ప్రక్క స్టాండును దించియే యుంచవలెను. బండి ఎడమకు ఒఱిగినచో అదియే కాచును. కుడివైపున కాచునదేదియు లేదు. కావున మొదటిసారి పనిచేయువారు తప్పక రెండవ మనిషిని పిలుచుకొనవలెను. ఆ మనిషి పెద్దవాడై యుండవలెను గాని తమ్ముడు కారాదు. అతడు బండికి ఎదురుగ నిలిచి, రెండు చేతులతో రెండు పిడులను పట్టుకొనును. ప్రక్కన నిలిచినవానిమీద బండి పడును. ఎదుట నిలిచినవానిమీద పడదు.

పనివాడు బండిని ప్రక్క స్టాండునుండి నిటారుగ నిలిపి, ఒకచేత వెనుకపట్టెను పట్టుకొని, రెండవచేత స్టాండును వెనుకనుండి త్రోసి, కొంకులను కండెలలో కూర్చుండబెట్టును. రెండువైపులను కంటితో చూడవలెను. ఒకప్రక్క కూర్చుండి రెండవప్రక్క కూర్చుండకున్నచో, ఎత్తుటలో బండి ఆ రెండవప్రక్కకు దొర్లును. ప్రమాదములకు ఇది ముఖ్యకారణము. రెండును కుదిరినపిమ్మట పిడిని నిదానముగ, తటాలున గాక, నేలకానువఱకు నొక్కవలెను. స్టాండు చక్రములు ముందునకు గాని, బండి వెనుకకు గాని కొంచెము దొర్లుట సహజము. నడుమ బండి పడనారంభించినచో దానిని పడనిండు. అద్దమును, బ్రేకు మీటను కొనవచ్చును. 174 కిలోగ్రాముల క్రింద నలిగిన కాలికి అంగడి లేదు.

బండి లేచినతర్వాత గేరునందు వేసి నిలుపుదమనువారు కలరు. ఇది వట్టిభ్రమ. గేరు పట్టునది వెనుక చక్రమును. ఆ చక్రము గాలిలో నున్నది. నేలనంటియున్న చక్రము ముందఱిది; దానిని పట్టునది ముందు బ్రేకు మాత్రమే. కావున ముందు బ్రేకు మీటను రబ్బరు పట్టీతో బిగించి కట్టవలెను. స్టాండుమీదనున్న బండినెక్కి కూర్చుండరాదు. ముందు చక్రమునకును స్టాండు వేయువారు వెనుకదానిని మొదట వేసి, తీయునపుడు ముందుదానిని మొదట తీయవలెను.

ఇప్పుడు గొలుసు మాట. చక్రము గాలిలో తిరుగుచుండ చూచినవానికి ఇంజనునే నడిపి గొలుసును తిప్పుట సులువని తోచును. గుడ్డపట్టి కూర్చున్న చాలును, గొలుసే వచ్చి తుడుచుకొనునని తలంతురు. మేమెఱిగిన యొక యింట నిట్లే జరిగెను. గుడ్డ పండ్లచక్రమున చిక్కెను. గుడ్డతో వ్రేలు పోయెను. అన్న చేయి చాచి ఇంజను నాపునంతలో బాలుని చూపుడువ్రేలి చివరికణుపు లేదు. ఆ బాలుడిప్పుడు కలమును బొటనవ్రేలికిని నడిమివ్రేలికిని మధ్య ఇఱికించి పరీక్షలు వ్రాయుచున్నాడు.

ఇంజను ఆగియుండవలెనన్నది మొదటి నియమము. చేతితో త్రిప్పునపుడును ఏవైపునకు త్రిప్పవలెనో తెలియవలెను. చక్రము ముందునకు తిరిగినచో క్రిందివరుస గొలుసు వెనుకకు పోయి పెద్ద పండ్లచక్రములోనికి దూరును. అచ్చట వ్రేలుంచినవాని వ్రేలిని తనతో కొనిపోవును. చక్రమును వెనుకకు త్రిప్పినచో క్రిందివరుస పండ్లనుండి వెలికివచ్చి ముందునకు సాగును. చేయి పండ్లకు దూరముగ లాగబడును. కావున క్రిందివరుస నడిమిభాగమును గుడ్డతోగాని బ్రష్షుతోగాని తుడుచుచు, రెండవచేత టైరును వెనుకకు కొంచెము కొంచెముగ త్రిప్పవలెను. టైరును త్రిప్పువాడును, గొలుసును తుడుచువాడును ఒక్కడే కావలెను. ఇద్దఱున్నచో ఒకడు చేయి తీయకముందే రెండవవాడు త్రిప్పును. గుడ్డను వ్రేలికి చుట్టుకొనరాదు, చొక్కాచేతులను మడువవలెను. ఆడుపిల్లలు పనికి వచ్చినచో జడను, ఓణీ కొంగును వెనుకకు ముడిచికొనవలెను. మురికి విడిపించుటకు పెట్రోలు తగదు. అది గొలుసులోని రబ్బరు వలయములను చెఱచును, మంటకును కారణమగును. నూనె టైరుమీదను, బ్రేకు బిళ్లమీదను పడకుండ చూచుకొనవలెను.

పని ముగిసినపుడు పండ్లచక్రము చెంత గుడ్డగాని పనిముట్టుగాని మిగులలేదని చూచి, ప్రక్క స్టాండు పూర్తిగ దిగియున్నదో లేదో చేతితో తడిమి, ముందు బ్రేకు పట్టీని విప్పవలెను. రెండవ మనిషి మరల ఎదుట నిలిచి పిడులను పట్టుకొనును. పనివాడు పిడికి ఒకప్రక్కగ నిలిచి, ఒకచేత బండి వెనుకపట్టెను పట్టి, రెండవచేత పిడిని గట్టిగ పట్టుకొని, ఎగసిరాకుండ అడ్డగించుచు మెల్లగ పైకి రానీయవలెను. చక్రము నేలనంటిన పిమ్మట స్టాండును వెనుకకు లాగి, బండిని ఎడమకు వాల్చి ప్రక్క స్టాండుపై నిలుపవలెను. చక్రము నూడదీసి బిగించినవారు బయలుదేఱుటకు ముందు వెనుక బ్రేకును కాలితో పలుమాఱు నొక్కవలెను. బిళ్లలు మరల చేరువకు వచ్చి పెడలు గట్టిపడువఱకు ఆ బండికి వెనుక బ్రేకు లేదు.