ప్రోస్టేట్ కాన్సరు: అంకె చెప్పేది, చెప్పనిది

ప్రోస్టేట్ గురించి రాస్తానంటే సంపాదక వర్గంలోని ఒక విద్యార్థి కాస్త ఇబ్బందిగా నవ్వి, "అది ముసలివాళ్ల జబ్బు కదా సార్" అన్నాడు. నిజమే, ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఈ జబ్బు దాదాపు రాదు. కాని ఆ కుర్రవాడి ఇంట్లో తండ్రి ఉంటాడు, తాత ఉంటాడు, మేనమామ ఉంటాడు. వాళ్ల రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పెట్టి "ఇందులో ఏముందిరా?" అని అడిగేది ఇంట్లో చదువుకున్న ఆ కుర్రవాణ్ణే. నేను వైద్యుణ్ణి కాను, జీవరసాయన శాస్త్రం చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. అయితే ఈ జబ్బు కథలో సగం జీవరసాయన శాస్త్రమే కనుక ఈ సాహసం చేస్తున్నాను.

ముందు ఆ గ్రంథి ఎక్కడుందో చూద్దాం. మూత్రాశయానికి సరిగ్గా కింద, పురీషనాళానికి ముందు, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. యౌవనంలో దాని బరువు సుమారు 20 గ్రాములు. మూత్రం బయటికి వచ్చే నాళం, పూసలోంచి దారం దూరినట్టు, దీని మధ్యలోంచి వెళుతుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని ఇది తయారుచేస్తుంది. యాభై దాటాక చాలామందిలో ఈ గ్రంథి పెరిగి, మధ్యనున్న నాళాన్ని నొక్కుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం, అయిపోయిందనుకొన్నాక మళ్లీ చుక్కలు పడడం, ఇవన్నీ ఆ నొక్కుడు వల్ల వచ్చేవే. ఈ వాపు కాన్సరు కాదు. కాన్సరుగా మారేదీ కాదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మామూలు వాపు గ్రంథి లోపలి భాగంలో, నాళం చుట్టూ వస్తుంది. కాన్సరు ఎక్కువగా వెలుపలి భాగంలో, పురీషనాళం వైపున పుడుతుంది. నాళానికి దూరంగా ఉంటుంది కనుక మొదట్లో దేన్నీ నొక్కదు, నొప్పి పుట్టించదు. అంటే మూత్రం ఇబ్బంది ఉన్నవారిలో ఎక్కువమందికి కాన్సరు ఉండదు. తొలిదశ కాన్సరు ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ రెండు వాక్యాలూ కలిపి గుర్తుంచుకుంటే తక్కిన వ్యాసమంతా సులభంగా అర్థమవుతుంది. డాక్టరు మలద్వారం గుండా వేలితో తడిమి చూడడమెందుకో కూడా ఇందువల్లనే తెలుస్తుంది. వెలుపలి భాగంలో గట్టి కణితి ఉంటే వేలికి తగులుతుంది. మనవాళ్లు ఈ పరీక్ష పేరు చెబితే చాలు, లేచి వెళ్లిపోతారు.

ఈ కాన్సరుకి ఎముకలంటే ఇష్టం, ముఖ్యంగా వెన్నుపూస, కటి ఎముకలు. వెన్ను చుట్టూ కవాటాలు లేని సిరల అల్లిక ఒకటుంది. రక్తం అందులో అటూ ఇటూ పారగలదు. 1940లో అమెరికాలో ఆస్కార్ బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త దాన్ని వర్ణించి, ప్రోస్టేట్ నుంచి కాన్సరు కణాలు వెన్నుకు చేరే దారి ఇదేనని వాదించాడు. అదొక్కటే దారి కాదని తర్వాతివాళ్లు అన్నా, ఆ బొమ్మ మాత్రం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. ఎముకల్లో పాకిన తర్వాతనే రోగికి మొదటిసారి నొప్పి తెలియవచ్చు. అప్పుడది నడుంనొప్పిలాగే ఉంటుంది.

మా మేనమామ విషయంలో అదే జరిగింది. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. నడుం నొప్పంటే ఏడాదిన్నరపాటు మా అత్తయ్య తైలం మర్దన చేసింది, వేన్నీళ్ల కాపడం పెట్టింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన వాతమని ఇంజెక్షన్లు ఇచ్చాడు. రాత్రిళ్లు లేస్తున్నారని అత్తయ్య ఒకసారి నాతో అంటే ఆయనే అడ్డుకొని, "ఈ వయసులో అదంతా మామూలేరా అల్లుడూ" అని మాట మార్చారు. ఒకరోజు కాళ్లలో బలం తప్పి గడప దాటలేకపోయారు. పట్నం తీసుకొచ్చి ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చాలా కాన్సర్లు ఎముకను తినేస్తాయి. ఇది మాత్రం ఎముకను అడ్డదిడ్డంగా పెంచుతుంది, ఆ తెలుపు అందుకే. వెన్నుపాము నొక్కుకుపోతున్నదనీ, గంటలు కూడా లెక్కేననీ చెప్పి డాక్టరు వెంటనే మందులు మొదలుపెట్టి, రేడియేషన్ ఇప్పించారు. తర్వాత వృషణాలు తీసేయాలన్నారు. ఆ మాట మామయ్యతో చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు, చివరికి నేనే చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "తీసేస్తే నొప్పి పోతుందా?" అని అడిగారు. పోవచ్చన్నాను. "అయితే తీసెయ్యమను. ఇంకా వాటితో పనేముంది" అన్నారు. పది రోజుల్లో నొప్పి చాలామటుకు తగ్గింది. నెల తిరక్కుండా కర్ర పట్టుకొని వీధి అరుగు దాకా నడిచారు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికారు.

వృషణాలు తీసేస్తే ఎముకలోని నొప్పి ఎలా తగ్గింది? ప్రోస్టేట్ కణాలకు పురుష హార్మోను టెస్టోస్టిరోన్ ఎరువులాంటిది. ఆ హార్మోను అధిక భాగం వృషణాల్లోనే తయారవుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్ మొదట కుక్కల మీద ఈ సంగతి పరిశీలించాడు. మనిషి తర్వాత ప్రోస్టేట్ కణితులు సహజంగా వచ్చే జంతువు కుక్కే. 1941లో ఆయన, క్లారెన్స్ హోడ్జెస్ కలిసి, వృషణాలు తీసేసినా, స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ ఇచ్చినా, పాకిపోయిన ప్రోస్టేట్ కాన్సరు తగ్గుముఖం పడుతుందని చూపించారు. తగ్గిందని దేన్నిబట్టి చెప్పారు? రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎన్జైమును కొలిచి. కాన్సరు కణం స్వతంత్ర జీవి కాదు, శరీరం ఇచ్చే సంకేతం మీద ఆధారపడి బతకవచ్చునన్న భావనకు అప్పుడు బలం వచ్చింది. 1966లో హగిన్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది, పేటన్ రౌస్‌తో కలిపి.

ఇప్పుడు చాలామందికి శస్త్రచికిత్స బదులు ఇంజెక్షన్ ఇస్తారు. మెదడు దిగువన ఉన్న హైపోథాలమస్ ఒక చిన్న హార్మోనును విడతలు విడతలుగా విడుదల చేసి, పిట్యూటరీ ద్వారా వృషణాలను పనిచేయిస్తుంది. దాని నిర్మాణాన్ని కనుక్కొన్నందుకు ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ 1977 నోబెల్‌లో భాగం పొందారు. అదే హార్మోనుకు నకలు తయారుచేసి విడతలుగా కాక ఎడతెరిపి లేకుండా ఇస్తే, పిట్యూటరీ మొదట కొన్నాళ్లు రెచ్చిపోయి, తర్వాత చెవిటిదైపోతుంది. తలుపు ఆగకుండా కొడుతూనే ఉంటే లోపలివాళ్లు పట్టించుకోవడం మానేసినట్టు. కొన్ని నెలలకొకసారి ఇంజెక్షన్ కొనగలవారికి ఇది, కొనలేనివారికి ఒక్కసారి ఆపరేషను. హార్మోను తగ్గించడంలో రెండూ ఒకటే. బీదవాడికి ఆపరేషను తక్కువరకం వైద్యమని కొందరు అనుకొంటారు గాని అది నిజం కాదు. ఎటొచ్చీ ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఎముకలు పలచబడడం రెండింటికీ ఉన్నవే. కొన్నేళ్లకు కాన్సరు ఈ పస్తును తట్టుకోవడం నేర్చుకొంటుంది. అప్పటికీ దారులున్నాయి. 2004లో డోసిటాక్సెల్, 2011లో అబిరాటెరోన్, 2012లో ఎంజాలుటమైడ్, 2022లో కాన్సరు కణాన్ని వెతుక్కొంటూ వెళ్లి అక్కడే రేడియేషన్ ఇచ్చే లుటీషియం మందు అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి ఆయుష్షు పెంచుతాయి గాని, పాకిపోయిన జబ్బును మామూలుగా సమూలంగా తీసేయలేవు.

అయితే ముందే కనిపెట్టవచ్చు కదా? దానికే పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష. ఇది ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీను. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచడం దీని పని. కొద్దిగా రక్తంలోకి కూడా కారుతుంది. గ్రంథి కట్టడి చెడితే ఎక్కువ కారుతుంది. 1986లో అమెరికా ప్రభుత్వం దీన్ని చికిత్స పొందినవారిని గమనించడానికి అనుమతించింది, 1994లో కాన్సరును కనిపెట్టడానికి కూడా. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే అనుమానించాలన్న లెక్క అప్పట్నుంచీ ప్రచారంలోకి వచ్చింది.

కాని దాని పేరులో ఉన్నది ప్రోస్టేట్, కాన్సరు కాదు. మామూలు వాపుకీ పెరుగుతుంది, ఇన్‌ఫెక్షనుకీ పెరుగుతుంది, మూత్రానికి గొట్టం వేసినా పెరుగుతుంది. 4 కంటే తక్కువున్నా కాన్సరు ఉండవచ్చు. ప్రోస్టేట్ ఆంటిజెన్ల మీద 1970లోనే పనిచేసిన రిచర్డ్ ఆబ్లిన్, 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాసి, జనాన్నంతా ఈ పరీక్షతో జల్లెడ పట్టడం పెద్ద పొరపాటని విమర్శించాడు. ఎందుకంత కోపం? ఇతర కారణాలతో చనిపోయిన వృద్ధుల శవపరీక్షల్లో, ఎవరికీ తెలియని చిన్న ప్రోస్టేట్ కాన్సర్లు తరచుగా కనిపిస్తాయి. అవి వాళ్లను ఏమీ చేయలేదు. జల్లెడ పడితే ఇలాంటివన్నీ బయటపడతాయి. బయటపడ్డాక ఊరుకోవడం ఎవరి తరం?

ఐరోపాలో ఏడు దేశాల్లో సుమారు 1,62,000 మంది పురుషులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2009లో, సుమారు తొమ్మిదేళ్లకు, లెక్క చూస్తే ఒక్క ప్రోస్టేట్ మరణం తప్పించడానికి 1,410 మందిని పరీక్షించి, అదనంగా 48 మందికి వైద్యం చేయవలసి వచ్చింది. అదే పరిశోధన 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన 456 మందికి ఒక మరణం తప్పింది, అదనంగా బయటపడిన రోగులు 12 మందికి ఒకరు. పరీక్ష మారలేదు, మనుషులు మారలేదు. ఆగి చూసిన కాలం మారింది. మెల్లగా నడిచే జబ్బును తొందరపడి లెక్కగడితే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను క్లాసులో చెప్పలేను. ఈలోగా అమెరికాలో నిపుణుల సంఘం 2012లో ఈ జల్లెడ అసలే వద్దన్నది. 2018లో 55 నుంచి 69 ఏళ్ల వారు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారే నిర్ణయించుకోవాలనీ, 70 దాటినవారికి అక్కరలేదనీ సవరించుకొంది.

మన దేశంలో దీనికి జాతీయ స్థాయి జల్లెడ కార్యక్రమం లేదు. అయినా హైదరాబాదులోనో, విజయవాడలోనో "ఫుల్ బాడీ చెకప్" అని డబ్బు కడితే, అడగకుండానే పి.ఎస్.ఏ. కూడా చేసి చేతిలో పెట్టేస్తారు. అక్కడికి వంద కిలోమీటర్ల అవతల మా మామయ్యలాంటివాళ్లు కాళ్లు పడిపోయేదాకా వాతమనుకొంటూ ఉంటారు. ఒకచోట మరీ ముందు, ఒకచోట మరీ ఆలస్యం. నా ఉద్దేశంలో ఆ రెండో తప్పే మనకు పెద్దది. దాన్ని సరిచేయడానికి యంత్రాలు కూడా అక్కర్లేదు. అరవై దాటిన మనిషికి నెలల తరబడి నడుంనొప్పి పడుకొన్నా తగ్గకపోతే, రాత్రిళ్లు నిద్రలేపుతుంటే, దానితోపాటు మూత్రం సంగతి కూడా ఎవరో ఒకరు అడగాలి.

పి.ఎస్.ఏ. ఎక్కువొస్తే వెంటనే సూది కాదు. ఇన్‌ఫెక్షను లేదని చూసుకొని కొన్ని వారాలాగి మళ్లీ చేస్తారు. అప్పటికీ ఎక్కువుంటే ఎం.ఆర్.ఐ. తీస్తారు. 2017, 2018లలో వచ్చిన పరిశోధనల తర్వాత, ముందు బొమ్మ చూసి తర్వాత సూది వేయడం పద్ధతి అయింది. బొమ్మలో అనుమానం లేకపోతే కొందరికి సూది తప్పుతుంది. ఉంటే ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ రిపోర్టులో "గ్లీసన్ స్కోరు" అని ఉంటుంది. 1960లలో అమెరికన్ పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్, కణాల అమరికనుబట్టి 1 నుంచి 5 దాకా తరగతులు పెట్టాడు. ఎక్కువగా కనిపించే రెండు తరగతులను కూడితే స్కోరు. ఇప్పుడు సూదితో తీసిన ముక్కల్లో 3కి తక్కువ తరగతి వేయరు. కనుక అన్నిటికంటే సాధువైన కాన్సరుకు 3+3, అంటే పదికి ఆరు. మన విశ్వవిద్యాలయాల్లో నూటికి అరవై వస్తే ఫస్టు క్లాసు కదా, ఇక్కడ అది అట్టడుగు మార్కు. రోగి మాత్రం జబ్బు సగం దాటిపోయిందని హడలిపోతాడు. ఈ గందరగోళం చూసే 2014లో నిపుణులు 1 నుంచి 5 దాకా కొత్త వర్గాలు పెట్టారు. 3+3 ఇప్పుడు ఒకటో వర్గం.

గ్రంథి దాటని కాన్సరుకు మూడు దారులు: గ్రంథిని తీసేయడం, రేడియేషన్, వేచి గమనించడం. బ్రిటన్‌లో 1,643 మందిని చీట్లు వేసినట్టుగా ఈ మూడింటికీ పంచి, పదిహేనేళ్లు చూసి 2023లో ఫలితం చెప్పారు. ఈ జబ్బుతో చనిపోయినవారు గమనింపు జట్టులో 17 మంది, ఆపరేషను జట్టులో 12, రేడియేషన్ జట్టులో 16. తేడా లేదన్నట్టే. అయితే కాన్సరు పాకడం గమనింపు జట్టులో నూటికి 9 పైన, తక్కిన రెండింటిలో 5 దాకా. ఆ జట్టులో పదిమందిలో ఆరుగురు ఆ పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వైద్యం చేయించుకొన్నారు కూడా. వీరిలో ఎక్కువమందిది చిన్న, మెల్లని జబ్బని మరవకూడదు. నాలుగో, ఐదో వర్గం వచ్చినవాడికి ఈ లెక్క చూపి ఊరుకోమనడం ప్రమాదం.

మరి అందరూ ఆపరేషను చేయించుకొంటే పోదా? అంగస్తంభనకు కావలసిన నరాలు గ్రంథిని అంటిపెట్టుకొని పోతాయి. 1982లో బాల్టిమోర్‌లో పాట్రిక్ వాల్ష్ వాటిని కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతి మొదలుపెట్టాడు. అయినా ఆ శక్తి తగ్గడం, దగ్గినప్పుడు మూత్రం జారడం కొందరిలో మిగిలిపోతాయి. రేడియేషన్‌కైతే మలాశయం మంట, రక్తం పడడం ఉండవచ్చు. వీటిని డాక్టరు చెబుతాడు, రోగి భార్య ముందు తల ఊపుతాడు, ఒక్క ప్రశ్న కూడా అడగడు. వెంట వెళ్లిన కొడుకు బయటికి నడిచి ఆయన్ని డాక్టరుతో ఒంటరిగా వదిలితే ఆ ప్రశ్నలు వస్తాయని ఒక యూరాలజిస్టు మిత్రుడు నాతో అన్నాడు.

గమనింపు అంటే మరచిపోవడం కాదు. ఆరేసి నెలలకు పి.ఎస్.ఏ., మధ్యమధ్య ఎం.ఆర్.ఐ., అవసరమైతే మళ్లీ సూది. ఆ రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టాలి, ఎందుకంటే ఒక్క అంకెకంటే అంకెలు పెరిగే తీరు ఎక్కువ చెబుతుంది. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బున్నవారు, బి.ఆర్.సి.ఏ.-2 అనే జన్యువులో దోషమున్న కుటుంబాలవారు ఇంకా ముందే డాక్టరుతో మాట్లాడడం మంచిది. ఆ జన్యువు తల్లివైపు నుంచి కూడా రావచ్చు, అందుకని ఇంట్లో ఆడవాళ్లకు వచ్చిన రొమ్ము, అండాశయ కాన్సర్ల సంగతి కూడా చెప్పాలి. రక్తం ఇవ్వబోయేముందు చెప్పవలసింది ఇంకొకటుంది: జుట్టు రాలడానికో, గ్రంథి వాపుకో ఫినాస్టెరైడ్ మాత్ర వేసుకొనేవారిలో కొన్ని నెలలకు పి.ఎస్.ఏ. సుమారు సగానికి పడిపోతుంది. అలాంటివారి రిపోర్టులో 3 అని ఉంటే, డాక్టరు దాన్ని 6గా చదవాలి.