‘3+’ అంటే మూడో దశ కాదు

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగిలితే బయాప్సీ చేశారు. రిపోర్టులో ‘ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్‌2 3+’ అని ఉంది. మూడు ప్లస్‌లంటే మూడో దశ అని ఇంట్లో అందరూ బెంగ పెట్టుకున్నారు. పైగా ఆపరేషన్ కంటే ముందు మందులు ఎక్కిస్తామంటున్నారు. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ రెండు మూళ్లకూ సంబంధం లేదు. గడ్డ సైజు ఎంత, చంకలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, ఇంకెక్కడికైనా వెళ్లిందా అన్నవి చూసి దశ తేలుస్తారు. 3+ అనేది మైక్రోస్కోపు కింద కనిపించిన రంగు లెక్క. బయాప్సీ ముక్కను పల్చగా కోసి, హెర్‌2 అనే ప్రొటీన్ ఉన్నచోటే రంగు పట్టేలా పరీక్ష చేస్తారు. పది శాతానికి మించి క్యాన్సర్ కణాల చుట్టూ ముదురు గోధుమరంగు గీత తెగకుండా చుట్టుకుంటే 3+ అని రాస్తారు. 2+ వస్తే ఎటూ తేలనట్టు, అప్పుడు ‘ఫిష్’ అనే జన్యు పరీక్షకు పంపాలి. ఆ పరీక్ష చేయించకుండా 2+ దగ్గరే ఆగిపోవడం పొరపాటు.

ఇంతకీ హెర్‌2 చేసే పనేమిటి? ఇది కణం పొరమీద ఉండే గ్రాహక ప్రొటీన్. ఇలాంటివి రెండు జతకడితే, లోపలి కొసలకు ఫాస్ఫేట్లు తగులుకుంటాయి. అక్కడి నుంచి కబురు ప్రొటీన్ల వరస మీదుగా కణకేంద్రకానికి చేరుతుంది. రాస్ దారిలో వెళ్లిన కబురు ‘విభజించు’ అంటుంది. పీఐ3కే దారిలో వెళ్లినది ‘చావకు’ అంటుంది. దీని కుటుంబంలోని మిగతా గ్రాహకాలకు బయటి నుంచి ఒక అణువు వచ్చి అతుక్కోవాలి. హెర్‌2కు ఆ అవసరం లేదు, అది ఎప్పుడూ జతకు సిద్ధంగానే ఉంటుంది. దీని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మామూలు కణంలో రెండే ప్రతులు, ఈ రకం క్యాన్సర్‌లో అంతకు ఎన్నోరెట్లు. దాంతో పొర నిండా హెర్‌2లే. స్విచ్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్ ఎవరూ నొక్కకుండానే మోగినట్టు, కణం విడవకుండా విభజన చెందుతూ పోతుంది.

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం ఈ కోవలోవే. 1987లో అమెరికా వైద్యుడు డెన్నిస్ స్లామన్ బృందం, ఈ జన్యువు ప్రతులు పెరిగినవారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపించింది. ఆ రోజుల్లో ఇది నిజంగా చెడ్డ కబురే. 1998లో ట్రాస్టుజుమాబ్‌కు అమెరికాలో అనుమతి రావడంతో కథ మారింది. హెర్‌2కే అతుక్కుని దాని సంకేతాన్ని అణిచే యాంటీబాడీ ఇది. బెంగళూరుకు చెందిన బయోకాన్ తయారుచేసిన దీని బయోసిమిలర్ (దాదాపు ఇలాంటిదే అయిన మందు) 2014లో మన మార్కెట్లోకి వచ్చింది.

మందులు ముందు ఇవ్వడానికి కారణాలు రెండు. గడ్డ కుంచించుకుపోతే ఆపరేషన్ సులువవుతుంది. మందు పనిచేస్తోందా లేదా అన్నదీ తెలిసిపోతుంది. తీసిన ముక్కలో క్యాన్సర్ ఇంకా మిగిలి ఉంటే తర్వాతి మందు మారుస్తారు. హెర్‌2 మందును సాధారణంగా మూడు వారాలకోసారి చొప్పున మొత్తం ఏడాది ఇస్తారు. ట్రాస్టుజుమాబ్ కొందరిలో గుండె పంపింగ్‌ను తగ్గిస్తుంది కాబట్టి మొదలుపెట్టే ముందు, తర్వాత మూడు నెలలకోసారి ఎకో తప్పనిసరి. ఆయాసం, పాదాల వాపు వస్తే తర్వాతి డోసు దాకా ఆగకూడదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఈఆర్ పాజిటివ్. రెండేళ్లుగా టామోక్సిఫెన్ వాడుతున్నా. ఒంట్లో ఆవిర్లు భరించలేకపోతున్నా. మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సొంతంగా మానకూడదు. ఈ రకంలో కబురు మోసేది ఈస్ట్రోజెన్. టామోక్సిఫెన్ దాని గ్రాహకంలో (అదే ఈఆర్) తిష్ఠవేసి ఆ కబురును ఆపుతుంది. కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వాడతారు. ఆవిర్లు తగ్గించే మందులున్నాయి, అడగండి. అయితే ఆవిర్లకూ, డిప్రెషన్‌కూ వాడే పారోక్సెటిన్ టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది. కాబట్టి కొత్త మాత్ర ఏది రాసినా, టామోక్సిఫెన్ వాడుతున్న సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పాలి.