ఇంటినుండి చదువు పిల్లలకు గణిత పాఠమును ఎన్నుకొనుట
(పంచాయతీ సభ్యుల అధ్యయనమునకు)

పల్నాటి సీమలో, మాచర్లకును నాగార్జునసాగరమునకును నడుమ, ఎత్తిపోతలయొద్ద చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి క్రిందికి దూకుచున్నది. చూడవచ్చిన వారికి అది కన్నులపండువు. అయినను ఆ దూకుడువలన ఒక్క మడియు తడియదు. నీరు పైరునకు అందవలెనన్న కాలువ కావలెను, తూము కావలెను, వేళకు నీరు మళ్లించు మనిషి కావలెను.

నేడు సెల్‌ఫోనులో గణిత పాఠములును ఇట్లే ధారాపాతముగా దిగివచ్చుచున్నవి. బడికి పోజాలక ఇంటియొద్ద నుండి హైస్కూలు చదువు సాగించు బాలబాలికలకు వీనిలో ఏది మేలు? ఎన్నుకొనుట ఎట్లు? ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట ఆవశ్యకము. ఏలయన, 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణవలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య 17వ అంశము. వయోజన, అనియత విద్య 19వ అంశము. గ్రంథాలయములు 20వ అంశము. చదువు పంచాయతీకి పరాయి విషయము కాదు.

ఒక ఉదాహరణము

ఎత్తిపోతల చెంతనున్న ఒక తండాలో 15 ఏండ్ల బాలిక కలదని ఊహింపుడు. ఎనిమిదవ తరగతి ముగించినది. తలిదండ్రులు మిరపకోతలకు పోవుచుండుటచే తమ్ముని కనిపెట్టుకొని ఇంట నిలిచిపోయినది. ఇంటి కూలి లెక్క యంతయు ఆమెయే వ్రాయును. పాలిటెక్నిక్‌లో చేరవలెనని ఆమె కోరిక. ఆమె తండ్రి మీయొద్దకు వచ్చి, “అయ్యా, ఫోనులో లెక్కల పాఠములు చెప్పుదురట, ఏది కొనమందురు?” అని అడిగిన మీరేమి చెప్పుదురు?

ఏది కొనవలెనో చెప్పుటకు ముందు విచారింపవలసినవి మూడు సంగతులు కలవు.

మొదటిది: బడికి మార్గమున్నదా?

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. 6 మొదలు 14 ఏండ్లవరకు ప్రతి బిడ్డకును బడియందు ఉచిత విద్య హక్కు. ఆ వయస్సులోని వారికి ఫోను పాఠము బడికి బదులు కాజాలదు. వారిని బడిలో చేర్పించుటయే సభ్యుల విధి. ఆ వయస్సు దాటిన బాలికకుగూడ కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయమువంటి వసతితో కూడిన బడిలో చోటు దొరకునేమో ముందు విచారింపవలెను. అది ఏవిధమునను కుదరనప్పుడే ఇంటి చదువు.

రెండవది: పాఠము వేఱు, పరీక్ష వేఱు

పెక్కుమంది ఇక్కడనే పొరపడుచున్నారు. ఫోనులో ఎంత మంచి పాఠము విన్నను, వినిపించిన సంస్థ ఎంత అందమైన యోగ్యతాపత్ర మిచ్చినను, అది పదవ తరగతి పరీక్షకు సమానము కాదు. గుర్తింపుగల బోర్డు పరీక్షలో ఉత్తీర్ణత కావలెను.

మన పిల్లలకు ఇందులకు రెండు దారులు కలవు. ఒకటి, 1991లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము. ఇందు పదవ తరగతి, ఇంటర్మీడియట్ కూడ కలవు. పదవ తరగతికి 14 ఏండ్లు నిండియుండవలెను. రెండవది, 1989లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.ఓ.ఎస్. ఇందును పదవ తరగతికి కనీస వయస్సు 14 ఏండ్లే. ఒకసారి చేరిన 5 సంవత్సరముల గడువు. ఆ గడువులో 9 పర్యాయములు పరీక్షకు కూర్చుండవచ్చును. ఒక్కొక్క విషయమున వేర్వేరుగా ఉత్తీర్ణులై మార్కులను నిలువచేసికొనవచ్చును. పరీక్షలు ఏట రెండుసార్లు, ఏప్రిల్–మే మాసములందును, అక్టోబరు–నవంబరు మాసములందును జరుగును.

ఈ చివరి సంగతి పల్నాటి కూలి కుటుంబములకు మిక్కిలి ముఖ్యము. మిరపకోతలు ముమ్మరముగానుండు దినములు వేసవి పరీక్షకు ముందే వచ్చును. అట్టి ఇంట గణితము వంటి కఠిన విషయమును శరత్కాలపు పరీక్షకు ఉంచుకొనుట మేలు. ప్రత్తితీతలకు పోవు ఇంటివారికి వేసవి పరీక్షయే అనుకూలము కావచ్చును. ఎవరి పనుల కాలమును వారు చూచుకొని నిర్ణయించుకొనవలెను.

మూడవది: దరఖాస్తులో గణితము ఉన్నదా?

సార్వత్రిక విద్యలో అభ్యర్థియే విషయములను ఎన్నుకొనును. గణితము తప్పనిసరి కాదు. లెక్కలు కష్టమని తలచి, ఎవరో చెప్పిన మాటపై గణితమును విడిచి సులభమైన మరియొక విషయమును వ్రాయువారు కలరు. వారు పదవ తరగతి ఉత్తీర్ణులగుదురు. కాని పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షయగు పాలిసెట్‌కు అర్హతగా పదవ తరగతిలో గణితము చదివి యుండవలెను. ఇంజనీరింగు వైపు పోవువారికి ఇంటర్మీడియట్‌లోను గణితము కావలెను. మన ఉదాహరణములోని బాలిక దరఖాస్తులో గణితమును విడిచినచో, పాఠము ఒక్కటైన వినకముందే ఆమె కోరిన తలుపు మూతపడును. ఆ సంగతి ఆమెకు రెండేండ్లకు గాని తెలియదు. కావున పిల్లలు ఏ చదువు కోరుచున్నారో ముందుగా అడిగి, ఆ చదువుయొక్క ప్రవేశ నియమములలో గణితముతోబాటు సామాన్యశాస్త్రమునుగూర్చి ఏమున్నదో చదివి, పిమ్మటనే దరఖాస్తు నింపింపుడు.

బిడ్డ ఎక్కడ నున్నది?

ఇక పాఠము సంగతి. బిడ్డ వయస్సునుబట్టి గాక, వచ్చిన లెక్కలనుబట్టి పాఠము ప్రారంభింపవలెను. ఈ మూడు లెక్కలు ఇచ్చి చూడుడు.

1. ఎకరము చేనిలో 3/4 వంతు మిరప వేసిరి. అందులో 2/5 వంతు కోత ముగిసినది. కోసినది ఎన్ని సెంట్లు? (3/4 × 2/5 = 3/10; అనగా 30 సెంట్లు.)

2. ఐదుగురు 8 దినములలో కోయు తోటను అదే రీతిగా పదిమంది ఎన్ని దినములలో కోయుదురు? (4 దినములు.)

3. ఒక సంఖ్యను మూడింతలు చేసి 7 కలిపిన 40 వచ్చును. ఆ సంఖ్య యేది? (11.)

మూడును చేసి, చేసిన విధమును నోటితో చెప్పగలిగినచో పదవ తరగతి పాఠము మొదలుపెట్టవచ్చును. మొదటిదానియందు తడబడినచో భిన్నములను, మూడవదానియందు తడబడినచో సులభ సమీకరణములను, అనగా ఆరు, ఏడు తరగతుల పాఠములను ముందు చదువవలెను. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. పునాది లేని గోడపై మిద్దె నిలువదు.

ధనము వెచ్చింపక దొరకునవి

2017 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వయం వేదికయందు 9 నుండి 12 తరగతులవరకు సార్వత్రిక విద్యాసంస్థ పాఠములు కలవు. అందు ఉపన్యాసము, చదువుకొను పాఠము, స్వయంపరీక్ష, సందేహములు అడుగుచోటు అను నాలుగు అంగములుండును. అదే సంవత్సరము సెప్టెంబరులో వచ్చిన దీక్ష వేదిక బడి పుస్తకములతో ముడిపడినది. పుస్తకములో ముద్రించిన చతురపు గుర్తును ఫోనునకు చూపిన ఆ పాఠము తెరువబడును. 2020లో ప్రారంభమైన పి.ఎం. ఈ–విద్య టెలివిజను పాఠములకు ఫోను డేటాతో పని లేదు. 2008లో అమెరికాలో ధర్మసంస్థగా స్థాపింపబడిన ఖాన్ అకాడమీ ఉచితముగా అభ్యాసములను మెట్టుమెట్టుగా చేయించును. తాను వ్రాయబోవు బోర్డు పాఠ్యపుస్తకమును చేత నుంచుకొని వీనిని వాడుకొనవలెను; దానిని విడిచి వీని వెంట పోరాదు.

మంచి పాఠమునకు గుర్తులు

వర్గసమీకరణములను గాని, సరూప త్రిభుజములను గాని తీసికొని, ఒకే అధ్యాయమును రెండు మూడు చోట్ల వినిపించి చూడుడు. వినిన పిమ్మట ఈ ప్రశ్నలు వేయుడు.

1. ఆ సూత్రము ఎట్లు వచ్చినదో ఉపాధ్యాయుడు చెప్పెనా, లేక కంఠస్థము చేయుమనెనా?

2. బిడ్డ చేయుటకు లెక్కలు ఇచ్చెనా? తప్పు చేసిన చోట తప్పేదో చూపు ఏర్పాటు కలదా?

3. భాష అర్థమైనదా? మన తండాల పిల్లలకు లంబాడీ ఇంటి భాష, తెలుగు బడి భాష; దానిపై ఆంగ్ల పాఠము మూడవ బరువగును. పదునొకండవ శతాబ్దికి చెందిన పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెలుగు చేసినాడు. లెక్క తెలుగులో ఒదుగదను మాట నిజము కాదు. తెలుగున అర్థము చేసికొని, ఆంగ్ల పదములను ప్రక్కన వ్రాసికొనుట మంచి పద్ధతి.

4. సందేహము కలిగిన అడుగుటకు మనిషి ఉన్నాడా?

వినుట అరగంటయైన, కాగితముపై చేయుట గంట కావలెను. ఈ నియమము తప్పిన ఎంత మంచి పాఠమైనను జలపాతపు వేడుకయే యగును.

అప్పు చేసి కొనవలదు

కొందఱు ఇంటికి వచ్చి, బిడ్డ భవిష్యత్తు పేర భయపెట్టి, వేల రూపాయల పాఠములను వాయిదాలపై అంటగట్టుదురు. ఆ వాయిదా ఒక్కొక్కప్పుడు బ్యాంకు ఋణమై కూర్చుండును. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ ఇట్టి వానినిగూర్చి ప్రజలను హెచ్చరించుచు, ఖాతానుండి సొమ్ము తనంతట తాను కోతపడునట్లు అనుమతి ఇయ్యవలదని సలహా యిచ్చినది. చదువని కాగితముపై సంతకము, తెలియని మనిషికి ఓ.టి.పి. సంఖ్య, ఈ రెండును ఇయ్యరాదని గ్రామసభలో చాటింపుడు.

పంచాయతీ చేయదగినది

బడి మానిన 14 ఏండ్లు దాటిన పిల్లల పట్టిక వ్రాయింపుడు. పంచాయతీ కార్యాలయమందు గాని గ్రంథాలయమందు గాని సాయంకాలము రెండు గంటలు దీపము, బల్ల, నల్లబల్ల, పాఠములు దింపుకొనుటకు ఇంటర్నెట్ ఏర్పాటు చేయుడు. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చిపోవునట్లు వేళను నిర్ణయింపుడు. గ్రామమున డిగ్రీ చదివిన యువకుని గాని యువతిని గాని, లేదా విశ్రాంత ఉపాధ్యాయుని గాని, వారమునకు రెండుమార్లు సందేహములు తీర్చుటకు కోరుడు. దరఖాస్తు గడువు తేదీలను ప్రకటన పలకపై వ్రాయింపుడు.

ఆ తండ్రికి మీరు చెప్పవలసిన జవాబు ఇప్పుడు స్పష్టము: “ముందు ఏదియు కొనవలదు. అమ్మాయిని తోడ్కొని రమ్ము. దరఖాస్తులో గణితము వ్రాయింతము. పాఠము ఉచితముగనే దొరకును. సాయంకాలము ఇచ్చట కూర్చుండి చేసికొనుటకు చోటు మేము చూపుదుము.” పాఠమను నీరు దొరకినది. కాలువ త్రవ్వుట మన పని.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున పదవ తరగతి ముగింపకయే బడి మానిన పిల్లలు ఎందఱు? కారణము లేవి?

2. వారిలో గణితము అవసరమగు చదువును కోరువారు ఎవరు?

3. సాయంకాలపు చదువునకు ఏ చోటు తగినది? బాధ్యత వహించు సభ్యు డెవరు?