వివరపత్రంలో వ్రాయని కొలువులు

ఉద్యోగానికి వివరపత్రం సిద్ధం చేసుకొనే విద్యార్థికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. చదువుకొనే రోజులలో ఖర్చులకోసం చేసిన చిన్న పనులను అందులో పేర్కొనవచ్చునా? తెల్లవారుజామున పత్రికలు పంచినవారు, లాడ్ బజారులో గాజులు అమ్మినవారు, ఇరానీ హోటలులో బిల్లులు వ్రాసినవారు మన తరగతులలో కొద్దిమంది కారు. కాని వారి పత్రాలలో ఆ సంవత్సరాల జాడ కనిపించదు.

నా విద్యార్థి ఒకడు మూడేండ్లు టోకు కిరాణా దుకాణంలో సరకుల లెక్కలు చూశాడు. గుమాస్తా ఉద్యోగానికి పంపే పత్రంలో ఆ సంగతి వ్రాసుకొని వచ్చి నాకు చూపించాడు. ‘ఇదెందుకు?’ అని కొట్టివేయించాను. ఆ స్థానంలో పుస్తకపఠనం, క్రికెట్ చేరినవి. ఇంటర్వ్యూలో అనుభవమున్నదా అని అడిగితే, పత్రంలో లేనిది చెప్పరాదనుకొని లేదన్నాడు. ఉద్యోగం రాలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానినప్పుడు, కదిలే బండినుండి విసిరిన పత్రికల కట్టలను అందుకొన్న బాలుడు అబ్దుల్ కలాం. 1999లో వెలువడిన ఆత్మకథలో తన ఆ తొలి సంపాదనను ఆయన గర్వంగానే స్మరించుకొన్నారు. పెద్దవారు చెబితే వినయమంటారు, మనం చెబితే పేదరికమంటారని విద్యార్థులు నాతో వాదిస్తారు. ఆ భయం పూర్తిగా నిరాధారమని నేననను. అయినను గుమాస్తాను వెదికే యజమానికి కావలసినది లెక్క తప్పని మనిషి.

వ్రాసే తీరు ముఖ్యం. ‘దుకాణంలో పనిచేశాను’ అంటే చాలదు. ఏ నెలనుండి ఏ నెలవరకు, రోజుకు ఎన్ని గంటలు, చేతిమీదుగా నగదు నడిచినదా, ఇవన్నీ ఉండవలెను. ఒక గిరాకీతో ఉర్దూలో, మరొకరితో తెలుగులో బేరం నడిపిన నేర్పును మనవారు విద్యగా లెక్కించనే లెక్కించరు, అదీ వ్రాయదగినదే. లెక్కలు చూసినవాడు మేనేజరునని వ్రాసుకొంటే మాత్రం రెండు ప్రశ్నలలో బయటపడతాడు. పది దినాలు చేసి మానిన పనిని వదలివేయవచ్చును. కేవలం వ్రాతపరీక్ష మార్కులతో భర్తీయయ్యే ఉద్యోగాలకు ఈ చర్చయే అక్కరలేదు.

పని మానేటప్పుడే యజమానివద్ద ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. నా విద్యార్థి ఆలస్యంగా వెళ్లి అడిగితే, ఆ పెద్దమనిషి ఉర్దూలో నాలుగు పంక్తులు వ్రాసి ఇచ్చాడు. వాటిని తెలుగు చేసి ఇచ్చే పని నేను తీసుకొన్నాను.