వెలుగు, వన్నె: తోలుబొమ్మ నేర్పు పాఠము

శీతకాలమున ఓక్‌విల్ వాసులు ఒకే నీటిని రెండు రూపములలో చూచెదరు. ఒంటారియో సరస్సు ఒడ్డున గడ్డకట్టిన పలుచని నీటిపొర గాజువలె నుండి, క్రింది గులకరాళ్లను చూపును. ముంగిట కురిసిన మంచు తెల్లగా నుండి, గడ్డిని మరుగుపరచును. రెండును నీరే. మొదటిదానిలో కాంతి తిన్నగా సాగిపోవును. రెండవదానిలో లెక్కలేని చిన్న స్ఫటికములును, వాని నడుమ గాలియు నుండును. కాంతి ప్రతి అంచుకడ దారి మరలి నలుదెసల చెదరును. అన్ని రంగులును సమముగా చెదరుటచే మంచు తెల్లగా తోచును.

దీనిని వంటయింటిలోనే పరీక్షింపవచ్చును. తెల్లకాగితముపై నూనెచుక్క వేసి దీపమున కెదురుగా పట్టుడు. ఆ చోట వెలుగు కనబడును. కాగితపు నారల నడుమ గాలి యుండిన చోట నూనె చేరి, చెదరుటను తగ్గించినది.

కాంతిని తిన్నగా పోనిచ్చునది పారదర్శకము, చెదరగొట్టుచు పోనిచ్చునది పారభాసకము, పోనీయనిది అపారదర్శకము.

చెఱకుతోటల పనికై పలువురి పూర్వులు కోరంగి రేవున ఓడ లెక్కిరి. వారు విడిచివచ్చిన తెలుగునేలపై ఈ సూత్రమే ఆధారముగా గల కళ తోలుబొమ్మలాట. ధర్మవరము సమీపమున గల నిమ్మలకుంట దీనికి నెలవు. ఆ గ్రామ కళాకారులైన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది.

మేకతోలును శుభ్రపరచి, వెలుగు దూరునంత పలుచగా గీకెదరు. తోలులో ఇంకు రంగులనే వాడెదరు. మందమైన పూత వెలుగు నడ్డినచో బొమ్మ తెరపై నల్లని నీడ యగును. ఎఱ్ఱరంగు ఎఱ్ఱని కాంతిని పోనిచ్చి, నీలి, ఆకుపచ్చ కాంతులను మ్రింగును. నగలకు రంగుతో పని లేదు. తొలిచిన రంధ్రములగుండ వచ్చు వెలుగే నగ యగును.

స్వదేశమునుండి తెచ్చుకొన్న బొమ్మను గోడకు తగిలించినచో దాని వన్నె పూర్తిగా తెలియదు. వెనుక దీపము కావలెను. అట్లని ఎండ తగులు కిటికీలో వ్రేలాడదీయరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు రంగు అణువులను విరుగగొట్టును. మంచుపై బడి మరలిన ఎండయు అట్టిదే. వెలిసిన రంగు మరల రాదు. వేడి బల్బు తోలును ముడుచును గాన ఎల్.ఇ.డి. దీపము మేలు. పండుగనాడు వెలిగించి, పిదప చల్లని చీకటిచోట దాచవలెను.

రంగును చూపు వెలుగే రంగును హరించును. ఈ సంగతి నెఱిగి కాపాడిన బొమ్మ మనుమల కన్నులకును నేటి వన్నెతోనే కనబడును.