క్యాప్ పోస్టుతో సహా ఊడింది... పన్ను తీయించాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 42. నాలుగేళ్ల క్రితం పై ముందు పన్నుకు రూట్ కెనాల్ చేసి, ఫైబర్ పోస్టు పెట్టి క్యాప్ వేశారు. మొన్న జామకాయ కొరుకుతుంటే క్యాప్ పోస్టుతో సహా ఊడి వచ్చింది. నొప్పి లేదు. మళ్లీ అతికించవచ్చా? ఈసారి స్టీలు పోస్టు పెట్టించుకుంటే గట్టిగా ఉంటుందా? ఇంట్లోవాళ్లు పన్ను తీయించేసి ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడి పన్ను తీయించుకోకండి. ఫైబర్ పోస్టులతో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇలా ఊడిపోవడమే. వేరు చీలకుండా ఉంటే చాలావరకు మళ్లీ అతికించవచ్చు. స్టీలు మీ పన్నులోని డెంటిన్ కంటే దాదాపు పది రెట్లు బిరుసు. అది వంగదు కాబట్టి ఒత్తిడంతా వేరు మీద పడుతుంది. వేరు నిలువునా చీలితే సాధారణంగా పన్ను తీసేయక తప్పదు. గాజు పోగులతో చేసిన ఫైబర్ పోస్టు అయితే పన్నుతోపాటు కాస్త వంగుతుంది.

పోస్టును పట్టి ఉంచేది రెజిన్ సిమెంటు. వేరు గోడలకు రూట్ కెనాల్‌లో వాడిన పాత సీలర్ పొర, తడి మిగిలితే అది సరిగా పట్టదు. యూజినాల్ ఉన్న మందులు, శుభ్రం చేయడానికి వాడిన హైపోక్లోరైట్ మిగిలినా సరిగా గట్టిపడదు. అందుకే లోపల బాగా కడిగి, తడి పీల్చే సన్నని కాగితపు పుల్ల (పేపర్ పాయింటు) పొడిగా బయటికి వచ్చేదాకా ఆరబెడతారు. సిమెంటును గట్టిపరిచే లైటు వెలుగు లోతుకు చాలదు గనుక, వెలుగు అందని చోటా గట్టిపడే డ్యూయల్ క్యూర్ సిమెంటు వాడతారు. దాన్ని సన్నని గొట్టంతో అడుగు నుంచి పైకి నింపితే గాలి బుడగలు ఉండిపోవు.

ఊడినదాన్ని ఇంట్లో గమ్‌తో అతికించుకోవద్దు. చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. సిమెంటు పోస్టుకు అంటి వచ్చిందా, వేరులోనే ఉండిపోయిందా అన్నది చూస్తే పట్టు ఎక్కడ తప్పిందో డాక్టర్‌కు అర్థమవుతుంది. నొప్పి లేదని వాయిదా వేయకండి. లాలాజలంతోపాటు సూక్ష్మజీవులు లోపలికి చేరితే రూట్ కెనాల్ మళ్లీ చేయాల్సి రావచ్చు.

ఎక్స్‌రేలో చీలిక, పుచ్చు ఉన్నాయా, వేరు కొసన రూట్ కెనాల్‌లో నింపిన గట్టా పెర్చా 4–5 మిల్లీమీటర్లు నిలిచి ఉందా అని చూస్తారు. సన్నని చీలిక ఒక్కోసారి ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి పన్నును నేరుగా కూడా పరీక్షిస్తారు. ఇక పోస్టు పన్నుకు బలం ఇవ్వదు, పైన కట్టే ఫిల్లింగ్‌ను నిలబెడుతుందంతే. బండి చక్రానికి ఇనుప పట్టాలా, క్యాప్ చుట్టూ బిగిసి పట్టుకోవాలంటే చిగురు దాటి 2 మిల్లీమీటర్ల మేర గట్టి పన్ను ఉండాలి. కాబట్టి ‘ఏ పోస్టు మంచిది?’ అనేకన్నా ‘చిగురు బయట పన్ను ఎంత మిగిలింది?’ అని డాక్టర్‌ను అడగండి. చాలినంత ఉంటే మళ్లీ అతికించి కొత్త క్యాప్ వేయించుకోండి. తక్కువైతే చిగురు సవరించి పన్నును బయటపెట్టే వీలుందేమో అడగండి. అదీ కుదరకపోతేనే ఇంప్లాంట్ మాట.