రక్తం తిరిగొచ్చాక కాలు వాస్తే: ఉద్దానం వారి ప్రశ్నలు

రక్తనాళంలో గడ్డ తీసేశారు, రక్తం పారుతోందన్నారు. మరి ఆ రాత్రే మా నాన్న కాలు ఎందుకు ఉబ్బింది?

గంటల తరబడి రక్తం అందని కండరంలోకి అది ఒక్కసారిగా తిరిగొస్తే, మేలుతోపాటు చెరుపూ జరుగుతుంది. సన్న నాళాల గోడలు దెబ్బతిని నీరు ఊరుతుంది, కండరం వాస్తుంది. పిక్కను చుట్టి ఉన్న పొర సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి, వచ్చిన రక్తం కాస్తా మళ్లీ ఆగుతుంది. అందుకే సర్జన్లు ఆ పొరను పొడుగునా కోస్తారు. కోసి కుట్టకుండా వదిలేశారని గొడవకు దిగకండి. అది కావాలనే వదిలిన కోత.

ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరాలి?

రక్తం ఆగి సుమారు ఆరు గంటలు దాటితే కండరం, నరం కోలుకోవడం కష్టం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకు పైనే. కాలు చల్లబడి, తెల్లబడి, తిమ్మిరెక్కితే కాపడం పెట్టకండి, నూనె రాసి మర్దన చేయకండి, 108కి ఫోన్ చేయండి. ఎన్నింటికి మొదలైందో కాగితం మీద రాసుకోండి.

డబ్బు కట్టందే చేర్చుకోమంటే?

ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడే బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరిదీ అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

నాన్నకి కిడ్నీ జబ్బు కూడా ఉంది. చెప్పాలా?

మొదట చెప్పాల్సింది అదే. చచ్చిన కండరం నుంచి పొటాషియం, మయోగ్లోబిన్ రక్తంలోకి చేరతాయి. మొదటిది గుండెను ఆపగలదు, రెండోది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్నో ఇళ్లలో, కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అన్న మాట ఇంటి మాటే కదా, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. రాత్రివేళ డయాలసిస్ దొరుకుతుందా అని అడగండి. కిడ్నీకి, కాలికి ఉన్న ముఖ్యమైన ముప్పులు, వేరే దారులు అర్థమయ్యేలా చెప్పాకే ఆపరేషన్‌కు సంతకం తీసుకోవాలి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. ఇంగ్లిషు కాగితమైతే తెలుగులో చదివి చెప్పమనండి.

చివరికి కాలు తీసేశారు. నిర్లక్ష్యమేనా?

కాలు పోయినంత మాత్రాన కాదు. ఎంత బాగా చేసినా ఈ ముప్పు కొందరికి వస్తుంది. వాపును కనిపెట్టి చూశారా, పొర కోయడంలో ఆలస్యం చేశారా అన్నదే ప్రశ్న. దానికి జవాబు కేసుషీటులో ఉంటుంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మీద మాత్రం అక్కడ ఫిర్యాదు కుదరదు. కాపీ చేతికొచ్చాక అందులోని వేళల పక్కన మీరు రాసుకున్న కాగితం పెట్టి చూడండి.